గాదె నిండితేనే కోట

ప్రొద్దుటూరికి బంగారం కొనడానికి పోతాం. పెళ్లి చీరలకు పోతాం. దసరా వస్తే అమ్మవారిశాలకు పోతాం. మరి అక్కడి నుంచి గంట ప్రయాణంలో ఉన్న గండికోటకు మనలో ఎందరు పోయాం?

"ఆ బండలు చూసేదానికి అంత దూరం పోవాల్నా? ఇంట్లో పని లేదా ఏంది?" రాజుపాలెం, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పల్లెల్లో గండికోట మాటెత్తితే ఆడవాళ్ల నోట తరచూ వినిపించే జవాబు ఇదే. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి కార్లేసుకుని వచ్చి చూసిపోతున్నారు. పక్క ఊళ్లలో పుట్టి, పక్క ఊళ్లకే కోడళ్లయి వచ్చిన మనం మాత్రం "అదంతా మగవాళ్ల వ్యవహారం, రాజులు, యుద్ధాలు మనకెందుకు" అనుకుంటాం.

నిజానికి గండికోట మనం చూడవలసిన కోట. ఇల్లు నడిపిన ఆడదాని కంటికి అక్కడ కనిపించేవి, ఫోటోలు తీసుకుని పోయేవాళ్ల కంటికి కనిపించవు!

గండి పక్కన కోట

రాజుపాలెం వాళ్లకు కుందూ నది ఇంటి మనిషి లాంటిది. ఆ కుందూ పోయి కలిసేది పెన్నలోనే. ఆ పెన్న జమ్మలమడుగుకు రాకముందు, ఎర్రమల కొండలను నిలువునా కోసుకుంటూ వస్తుంది. అలా కోసిన చోటే గండి. ఆ గండి పక్కన ఉంది కాబట్టే గండికోట. అంచున నిలబడితే దాదాపు 300 అడుగుల కింద నది. రెండు వైపులా ఎవరో పనిగట్టుకుని పేర్చినట్లు ఎర్రటి రాతి పలకలు. ఒక పక్క ఆ లోయే కోటకు గోడ. మిగిలిన పక్కలకు మాత్రమే మనుషులు గోడ కట్టుకున్నారు. ఆ గోడ చుట్టుకొలతే సుమారు ఐదు మైళ్లు.

కల్యాణి చాళుక్యుల కాలంలో, 1123లో కాకరాజు అనే సామంతుడు ఇక్కడ మొదట కోట కట్టించాడని చెబుతారు. తర్వాత విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు దీన్ని ఏలారు. శ్రీకృష్ణదేవరాయల వెంట యుద్ధాలు చేసిన పెమ్మసాని రామలింగనాయుడు ఈ వంశం వాడే. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు. ఆ తర్వాత కడప నవాబులు, హైదరాలీ, టిప్పు, చివరకు 1800లో సీడెడ్ జిల్లాలతో పాటు ఇంగ్లీషు వాళ్లు. ఇంత వరకూ ఏ పుస్తకంలో చూసినా ఉంటుంది. ఇక మన కంటితో చూద్దాం.

ముందు ధాన్యం, తర్వాతే ఫిరంగి

ఇనప మేకులు దిగగొట్టిన పెద్ద తలుపుల గుండా లోపలికి పోతాం. దారి తిన్నగా ఉండదు, మెలికలు తిరుగుతుంది. శత్రువు ఒక్క ఊపున లోపలికి దూసుకు రాకుండా చేసిన ఏర్పాటు అది. లోపల ఇప్పటికీ ఊరుంది, ఇళ్లున్నాయి. చార్మినార్‌ను చిన్నది చేసి పెట్టినట్లు ఒక కట్టడం కనిపిస్తుంది. పావురాల గోపురం అంటారు. ఇంకా ముందుకు పోతే జామియా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం.

అమ్మాయిలు మసీదు మెట్ల మీద ఫోటోలు దిగుతుంటే, మీరు మాత్రం ఈ ధాన్యాగారంలోకి ఒకసారి పొండి. పైకప్పు కమానులా వంగి ఉంటుంది. ఎక్కడా కట్టె దూలం లేదు. రాయీ సున్నంతో కట్టిన కప్పుకు చెద పట్టదు, నిప్పంటుకోదు. మన అవ్వలు జొన్నలకు పాతర తవ్వుకున్నా, గాదెలో కొర్రలు పోసి వేపాకు వేసినా, భయపడింది ఈ చెదకూ, పురుగుకూ, చెమ్మకే కదా! గాదె అయినా, ఇంత పెద్ద ధాన్యాగారమైనా లెక్క ఒక్కటే. వచ్చే పంట దాకా ఇంట్లో ఉన్న నోళ్లెన్ని? ఉన్న గింజలు ఎన్నాళ్లొస్తాయి?

కోట యుద్ధం అంటే సినిమాల్లో చూపించినట్లు ఒక్కరోజు కత్తి తిప్పడం అనుకుంటాం. కోటను పట్టుకోవాలంటే చుట్టూ దండు దిగి కూర్చోవాలి. రోజులు, నెలలు. బయటివాడు ఎదురు చూసేది లోపల గాదె ఎప్పుడు అడుగంటుతుందా అనే. ఫిరంగి పగలగొట్టలేని గోడను ఆకలి పగలగొడుతుంది. అప్పుడు కోటను నిలబెట్టేది గింజల లెక్క తెలిసినవాళ్లు, దంచేవాళ్లు, విసిరేవాళ్లు, ఉన్నదాన్నే అందరికీ సర్దేవాళ్లు. వాళ్లెవరో శాసనాలు అక్కర్లేకుండానే మనకు తెలుసు!

నీళ్ల కోసం ఇంత తపన

కడప సీమలో వానలు ఎంతని? ఏడాది మొత్తం మీద 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ అదనుకు పడితే. కోట కిందనే పెన్న ఉన్నా ఏం లాభం? 300 అడుగుల కిందికి దిగి బిందె ముంచుకుని, మళ్లీ పైకెక్కి రాగలమా? చుట్టూ శత్రువు ఉన్నప్పుడు అసలే కాదు. అందుకే కొండ మీదే చెరువు కట్టారు. దాని పేరు రాయల చెరువు. దీని నీళ్లు గొట్టాల గుండా తోటకు పోయేవని చెబుతారు. మసీదు దగ్గరలో కత్తుల కోనేరు ఉంది. యుద్ధం అయ్యాక కత్తులు ఇక్కడ కడిగేవాళ్లని, నీళ్లు ఎర్రబడేవని గైడ్లు కథ చెబుతారు. కత్తులు కడిగింది ఏడాదికి ఎన్నిసార్లో గానీ, నీళ్లు తోడుకున్నది మాత్రం ప్రతి పూటా. ఆ కథ ఎవరూ చెప్పరు.

దేశం కాని దేశంలోనూ ఇదే లెక్క. ఉత్తర ఐరోపాలో స్వీడన్ అనే దేశముంది. అక్కడ కల్మార్ అనే పాత కోట నడిబొడ్డున, పెద్ద అంకణంలో, గుడి లాగా అలంకరించిన బావి ఉంది. సముద్రం ఒడ్డున ఉన్న కోటే అయినా తాగేందుకు బావి కావాల్సిందే. 1397లో డెన్మార్క్, నార్వే, స్వీడన్ మూడు రాజ్యాలను ఒక్క తాటి మీదికి తెచ్చిన ఒప్పందం కుదిరింది ఆ కల్మార్‌లోనే. కుదిర్చింది మార్గరెట్ అనే రాణి! ఆ దేశంలోనే బోహుస్ అని ఇంకో కోట. 1308లో కట్టడం మొదలుపెట్టారు. 14 సార్లు ముట్టడించినా ఒక్కసారి కూడా చేజిక్కలేదు. అక్కడ మంచు, ఇక్కడ ఎండ. లోపల గింజలు, నీళ్లు లేకుండా ఎన్నాళ్లయినా నిలిచిన కోట మాత్రం ఎక్కడా లేదు.

కరగని విగ్రహాలు

1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు మీర్ జుమ్లాను కలవడానికి గండికోటకు వచ్చాడు. ముత్యాలు, రవ్వల బేరం అతనిది. నవాబు చెప్పులు లేని కాళ్లతో కింద కూర్చుని, కాలి వేళ్ల సందుల్లో, ఎడమ చేతి వేళ్ల సందుల్లో ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి జవాబులు రాయిస్తున్నాడట! ఎన్ని పనులు ఒకేసారి చూసుకునేవాడో ఆ ముక్క చాలు.

అదే వర్తకుడు ఇంకో సంగతి రాశాడు. ఫిరంగులు పోయడానికి గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించారట. పోత పోసేవాడు కూడా ఫ్రెంచివాడే. మిగతావన్నీ కరిగాయి గానీ, గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు ఎంత చేసినా కరగలేదట. పూజార్లే ఏదో మంత్రం వేశారని నవాబు అనుమానించాడట. మంత్రమో, మంట చాలకో, ఏమైనా కానీయండి. పూజ గదిలో ఉండాల్సింది ఫిరంగి అవుతుందంటే ఎవరికి మనసొప్పుతుంది? ఇప్పుడు మాధవరాయస్వామి గుడికి పోతే చెక్కిన స్తంభాలు, గోపురం కన్నుల పండుగగా ఉంటాయి. గర్భగుడిలో మాత్రం స్వామి లేడు. రంగనాథస్వామి గుడీ అంతే. దణ్ణం పెట్టుకుందామని పోయినవాళ్లకు ఆ ఖాళీ చూస్తే గుండె కలుక్కుమంటుంది.

ఇప్పుడు కూడా నీళ్ల కథే

లోయలో నీళ్లు నిండుగా ఉంటే "ఎంత బాగుందో!" అంటాం. బాగుంటుంది, కాదనలేం. గండికి ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. ఎగువ జలాశయంలో 26.85 టీఎంసీల నీళ్లు పడతాయి. కరువు సీమకు ఆ నీళ్లు బంగారమే. అయితే ఆ నీళ్ల కింద కొండాపురం మండలంలోని ఊళ్లున్నాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వాళ్లు పరిహారం చేతికందకుండా ఇళ్లు వదలమని రోజుల తరబడి కూర్చున్నారు. కాపురానికొచ్చి దీపం పెట్టిన ఇల్లు, పిల్లల్ని కన్న ఇల్లు నీళ్లలోకి పోతుంటే చూడటం ఎంత కష్టమో వేరే చెప్పాలా? ఒక కాలంలో కోట నిలవడానికి నీళ్లు కావలసి వచ్చాయి. మన కాలంలో నీళ్లు నిలవడానికి ఊళ్లు లేవవలసి వచ్చింది. గండి అంచున నిలబడినప్పుడు ఈ రెండూ గుర్తుంటేనే చూసినట్లు.

మనం పోకపోతే ఏమవుతుంది?

"చూడకపోతే ఏం పోయింది?" అనవచ్చు. రాయలసీమలో పాత గుళ్లు, కోటలు గుప్తనిధుల పిచ్చికి ఎన్ని బలయ్యాయో మనకు తెలుసు. ఇక్కడి కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవే. అయినా గోడల మీద పేర్లు చెక్కేవాళ్లు, సీసాలు పగలగొట్టేవాళ్లు ఉన్నారు. కుటుంబాలు, ఆడవాళ్లు, పిల్లలు రాని చోటు అల్లరి మూకలదే అవుతుంది. నలుగురం కలిసి పోతే ఆ చోటుకు మర్యాద వస్తుంది, మన ఆడపిల్లలకు ధైర్యం వస్తుంది. పైగా, ఈ ధాన్యాగారం ఎందుకు ఇలా కట్టారో, పాతర అంటే ఏమిటో చెప్పగలిగే అవ్వలు ఇంకెన్నాళ్లుంటారు? వాళ్లను వెంటబెట్టుకుని పోతే, ఏ గైడూ చెప్పని చరిత్ర మనవరాళ్ల చెవిన పడుతుంది.

పోయేవాళ్లకు నాలుగు మాటలు

* రాజుపాలెం నుంచి ప్రొద్దుటూరు, అక్కడి నుంచి సుమారు 20 కిలోమీటర్లు పోతే జమ్మలమడుగు. ఇంకో 15 కిలోమీటర్లు పడమరగా పోతే గండికోట. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు టికెట్ లేదు. ఆధార్ కార్డు మరవకండి. జమ్మలమడుగు నుంచి పైకి బస్సులు తక్కువ. నలుగురైదుగురు కలిసి ఆటో మాట్లాడుకోవడం మేలు. తిరుగు ప్రయాణానికి కూడా అతన్నే ఉండమనండి.

* కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. ఎండాకాలం బండలు పెనంలా కాలుతాయి, పెట్టుకోవద్దు.

* తాగే నీళ్లు మనిషికి రెండు సీసాలైనా కావాలి. చిత్రాన్నం, పెరుగన్నం, నాలుగు నిప్పట్లు కట్టుకుపోతే ఆకలి బాధ ఉండదు. కాగితాలు, కవర్లు తిరిగి సంచిలోనే వేసుకోండి.

* జారని చెప్పులు వేసుకోండి. గండి అంచుకు బండల మీదుగా పోవాలి. పిల్లల చెయ్యి వదలొద్దు. ఫోటో కోసం చివరి బండ మీదికి ఎవర్నీ పోనివ్వొద్దు.

* మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు అంచు దాకా రాకపోయినా ఫరవాలేదు. మాధవరాయస్వామి గుడి, మసీదు, ధాన్యాగారం నిదానంగా చూడవచ్చు.

* పొద్దున్నే బయల్దేరి, పొద్దు వాలకముందే కిందికి దిగండి. పలుచగా మనుషులుండే మూలలకు ఒంటరిగా వెళ్లొద్దు.

ఈసారి ప్రొద్దుటూరులో పని పడి, ఒక పూట మిగిలిందనుకోండి. ఇంకో కొట్టు చూద్దాం పదండి అనకుండా, అత్తనో, అవ్వనో, బడికి పోయే అమ్మాయినో తోడు తీసుకుని కోట దారి పట్టండి. ధాన్యాగారం గుమ్మం దగ్గర నిలబడి, "దీంట్లో ఎన్ని పుట్లు పట్టేవంటావ్ అవ్వా?" అని అడిగి చూడండి. ఆమె లెక్క మొదలుపెడుతుంది!