మరణించుచున్న బిడ్డ ప్రక్కన: 'డూలా' శిక్షణ, కాపరి పరిచర్య

ఉపోద్ఘాతము

ప్రాణహిత గోదావరిలో కలియు చోట కాళేశ్వరము ఉన్నది. జయశంకర్ భూపాలపల్లి జిల్లా మహదేవ్‌పూర్ మండలములోని ఈ క్షేత్రమునకు కాలుని పేర, అనగా యముని పేర, ఆ నామము కలిగినది. గుడిలో ఒకే పానవట్టముపై రెండు లింగములున్నవి: ఒకటి కాలునిది, మరియొకటి ముక్తేశ్వరునిది. తెలంగాణ నుండియు, నది ఆవలి మహారాష్ట్ర నుండియు జనులు తమవారి అస్థికలు తీసికొని ఈ సంగమమునకు వస్తారు. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరములకు కూడ ఇచ్చట గొప్ప సమూహము కూడినది.

అయితే ఈ రేవునకు రాని అస్థికలున్నవి. రెండేండ్లు నిండని బిడ్డను దహింపక పూడ్చవలెననియు, అస్థిసంచయనము చేయరాదనియు మనుస్మృతి నియమము. పెద్దలకు పదకొండవ దినము, మాసికము, సంవత్సరీకము ఉన్నవి. పసిబిడ్డను పోగొట్టుకొనిన తల్లికి ఏడ్చుటకు ఒక దినము ఏర్పరచబడలేదు. ఈ మాట ఇతరులను విమర్శించుటకు చెప్పుట లేదు. మన పరిస్థితి ఎంత మేలు? మన ఆరాధన క్రమములలో శిశువు భూస్థాపనకు ప్రార్థనలున్నవి. గాని బిడ్డ ఇంకను బ్రతికియుండి, వైద్యులు "ఇంటికి తీసికొనిపొండి" అని చెప్పిన తరువాతి వారములలో కాపరి ఏమి చేయవలెనో మన వేదాంత కళాశాలలలో నేర్పినది బహు తక్కువ. ఈ వ్యాసము ఆ వారములను గూర్చినది.

'డూలా' అను పదము

గ్రీకు భాష నేర్చుకొనిన విద్యార్థులకు ఈ పదము క్రొత్త కాదు. 'డూలోస్' దాసుడు, 'డూలే' దాసురాలు. దూత యెదుట మరియ తన్ను గూర్చి పలికిన పదము ఇదే (లూకా 1:38, 48). పెంతెకొస్తు దినమున పేతురు ఎత్తి చూపిన ప్రవచనములో ఆత్మను పొందువారిలో ఈ దాసురాండ్రు ఉన్నారు (అపొ. 2:18). ఫిలిప్పీ 2:7లో క్రీస్తు ధరించినది దాసుని స్వరూపము. మూలార్థము బానిస గనుక పాశ్చాత్య దేశములలో కొందరు ఈ పేరును ఇష్టపడరు. వారి అభ్యంతరము తీసివేయదగినది కాదు.

1970లలో డానా రాఫెల్ అను అమెరికా మానవశాస్త్రవేత్త, బాలింత ప్రక్కన ఉండి ధైర్యము చెప్పు స్త్రీకి ఈ పేరు వాడెను. మన ఊళ్ళలో మంత్రసానితో కూడ పురిటింటిలో కూర్చుండు అనుభవము గల పెద్దమ్మ వంటి మనిషి అనుకొనవచ్చును. 2003లో న్యూయార్కులో హెన్రీ ఫెర్స్కో-వైస్ అను సంఘ సేవకుడు ఇదే పద్ధతిని మరణశయ్య ప్రక్కకు తెచ్చెను. పుట్టుక వేళ ఒంటరిగా విడువబడరాని మనిషి, చనిపోవు వేళ మాత్రము ఎందుకు ఒంటరిగా ఉండవలెనన్నది అతని ప్రశ్న. తరువాత కొందరు పిల్లల విషయములో ప్రత్యేక శిక్షణ ఇచ్చుట ప్రారంభించారు. అమెరికాలో సహితము ఈ పనికి ప్రభుత్వ లైసెన్సు లేదు. డూలా మందులివ్వదు, వైద్యుని మాటకు ఎదురు చెప్పదు. ఆమె పని అక్కడ ఉండుట, వినుట, ఇంటివారికి తోడుపడుట.

ఇంత చిన్న పనికి శిక్షణ ఎందుకని అడుగవచ్చును. షూనేము ఇంటివైపు చూచెదము.

గేహజీ తీసికొనిపోయిన దండము

షూనేమీయురాలి కుమారుడు పొలములో తల నొప్పియని తండ్రితో చెప్పి, తల్లి ఒడిలో మధ్యాహ్నము వరకు ఉండి చనిపోయెను (2 రాజులు 4). ఆమె కర్మెలు కొండకు బయలుదేరెను. దారిలో గేహజీ క్షేమము అడుగగా అంతా సుఖమే అన్నట్టుగా జవాబిచ్చెను. అడిగిన మనిషి వినుటకు సిద్ధముగా లేడని బాధలో ఉన్నవారికి వెంటనే తెలియును. మన ఇండ్లలోను ఇంతే. "పిల్లగాడెట్లున్నడమ్మా?" అని అయ్యగారు గుమ్మములోనుండి అడిగినప్పుడు "మంచిగనే ఉన్నడయ్యా" అని తల్లి చెప్పును. అది అబద్ధము కాదు, మూసిన తలుపు.

ఆమె ప్రవక్త కాళ్ళు పట్టుకొనగా గేహజీ త్రోసివేయబోయెను. ఎలీషా వారించెను. ఆమె ప్రాణము బహు దుఃఖములో ఉన్నదనియు, ఆ సంగతి యెహోవా తనకు మరుగు చేసెననియు ఒప్పుకొనెను (వ. 27). "నాకు తెలియదు" అని ఒక ప్రవక్త శిష్యుని యెదుటనే చెప్పుట ఈ అధ్యాయములో నాకు అన్నిటికంటె గొప్పగా కనబడును. తరువాత గేహజీ దండము తీసికొని ముందుగా పరుగెత్తి బిడ్డ ముఖముమీద పెట్టెను. ఏమియు జరుగలేదు. తల్లి మాత్రము ఎలీషాను విడువలేదు. అతడు తానే రావలసివచ్చెను, తలుపు వేసి బిడ్డతో ఒంటరిగా ఉండవలసివచ్చెను.

షూనేములో బిడ్డ బ్రతికెను గదా అని ఎవరైన అనవచ్చును. నిజమే. దావీదు ఉపవాసముండి ప్రార్థించిన బిడ్డ బ్రతుకలేదు (2 సమూ. 12). లేఖనము రెండు ఇండ్లను మన యెదుట ఉంచినది. ఏ ఇంటిలోనికి పోవుచున్నామో మనకు ముందుగా తెలియదు.

నేను సేవకు వచ్చిన తొలి సంవత్సరములలో దండము పట్టుకొనియే వెళ్ళాను. తొమ్మిదేండ్ల బాలుడు, రక్త కాన్సరు. బిగ్గరగా ప్రార్థించాను, వాగ్దాన వచనము చదివాను, ఇరువది నిమిషములలో లేచాను. "అయ్యగారూ, నేను మళ్ళ బడికి పోత్తనా?" అని ఆ బాలుడు అడిగాడు. "తప్పక పోతావు" అన్నాను. అతడు గోడవైపు తిరిగాడు. నేను మరల వెళ్ళినది భూస్థాపనకే.

బిడ్డకు ఏమి తెలియును?

పిల్లలకు ఏమియు తెలియదనుకొనుట మన మొదటి పొరపాటు. మైరా బ్లూబాండ్-లాంగ్నర్ అను మానవశాస్త్రవేత్త అమెరికాలోని ఒక ఆసుపత్రిలో రక్త కాన్సరు గల చిన్నపిల్లల మధ్య నెలల తరబడి గడిపి 1978లో ఒక గ్రంథము ప్రచురించెను. ఎవరు చెప్పకపోయినను పిల్లలు తమ మరణమును గ్రహించారు. తోటి రోగి మంచము ఖాళీ అగుటను బట్టి, పెద్దల గుసగుసలను బట్టి తెలిసికొన్నారు. అయితే తల్లిదండ్రులు తట్టుకొనలేరని తెలియనట్టు నటించారు. తల్లిదండ్రులు బిడ్డకొరకును, బిడ్డ తల్లిదండ్రులకొరకును నటించగా ఆ ఇంటిలో ప్రతివారు ఒంటరివారైరి.

చెప్పిన తరువాత పశ్చాత్తాపపడుదుమేమో అను భయమునకు 2004లో స్వీడన్ దేశములో జరిగిన ఒక పరిశోధన జవాబిచ్చుచున్నది. కాన్సరుతో బిడ్డను పోగొట్టుకొనిన 429 మంది తల్లిదండ్రులను ఈ విషయము అడిగారు. బిడ్డతో మరణమును గూర్చి మాట్లాడిన 147 మందిలో ఒక్కరైనను అందుకు చింతించలేదు. మాట్లాడని 258 మందిలో 69 మంది, నూటికి 27 మంది, మాట్లాడియుండవలసినదని బాధపడ్డారు. స్వీడన్ వేరు, మన పల్లెలు వేరు; ఈ లెక్కను ఇక్కడికి అట్లే తేలేము. మాట్లాడుమని తల్లిదండ్రులను బలవంతము చేయుటకు ఇది ఆధారము కూడ కాదు. మన భయము మాత్రము ఒక్కటే ప్రమాణము కాదని చూపును.

"నేను సచ్చిపోతనా?" అని బిడ్డ అడిగినచో డూలా శిక్షణలో నేర్పునది ఇది: వెంటనే అవునని గాని కాదని గాని చెప్పక, "నీకెందుకట్ల అనిపించింది?" అని అడిగి కూర్చుండుట. చాలసార్లు అసలు ప్రశ్న వేరుగా ఉండును. నొప్పి లేచునా? అమ్మ దగ్గరనే ఉండునా? చెల్లెలు నా సైకిలు తీసికొనునా? ఈ ప్రశ్నలకు మన యొద్ద సత్యమైన జవాబులుండును.

ఇక మన సంఘభాషను గూర్చి ఒక మాట. "ప్రభువునందు నిద్రించెను" అని మనము ప్రకటనలలోను జ్ఞాపకార్థ కూటముల కార్డులలోను వ్రాయుదుము. అది లేఖన భాషయే. కాని అయిదారేండ్ల తమ్ముడు దానిని అక్షరార్థముగా వినును. అన్న నిద్రపోయి లేవలేదు గనుక తానును నిద్రపోవుటకు భయపడును. బహు చిన్నపిల్లలలో చాలమంది మరణమును తిరిగి వచ్చు ప్రయాణము వంటిదని తలంచుదురని 1948లోనే హంగేరీ దేశపు మరియా నాజ్ అను పరిశోధకురాలు వ్రాసెను. "దేవుడు మంచి పువ్వును కోసికొనెను" అన్న మాట ఇంకను ప్రమాదకరము. అది విన్న బిడ్డ మంచిగా ఉండుటకే జంకును. "అన్న శరీరము పనిచేయుట ఆగిపోయింది. నీవు కోపములో అన్న మాటవలన ఇది జరుగలేదు" అని తేటగా చెప్పుట మేలు. రెండవ వాక్యమును మరువరాదు. తోబుట్టువులు ఆ నేరమును రహస్యముగా మోయుచుందురు.

నొప్పి, మాత్రలు, ప్రార్థన

లండనులో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్ విశ్వాసి, నర్సు, సంఘ సేవకురాలు, ఆపైన వైద్యురాలు. వేదనలో శరీరము, మనస్సు, కుటుంబము, ఆత్మ నాలుగును కలిసియుండునని ఆమె బోధించెను. పిల్లలకొరకు మొదటి హాస్పైస్ 1982లో ఆక్స్‌ఫర్డులో తెరవబడిన హెలెన్ హౌస్. దానిని స్థాపించినది ఫ్రాన్సెస్ డొమినికా అను ఆంగ్లికన్ సన్యాసిని. హెలెన్ అను రోగియైన చిన్నపిల్లను, ఆమె తల్లిదండ్రులు కొంత విశ్రమించునట్లు, తాను చూచుకొనుటతో ఆ పని మొదలైనది.

మన రాష్ట్రములో పిల్లల కాన్సరు నొప్పికి ముఖ్య ఆశ్రయము హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి. అక్కడ డాక్టరు గాయత్రి పాలాట్ నాయకత్వములో ఉపశమన వైద్యము పెరిగినది. పెయిన్ రిలీఫ్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ దానికి తోడుగా నిలిచినది. కాళేశ్వరము నుండి హైదరాబాదు 270 కిలోమీటర్లకు పైగా ఉన్నది, వరంగల్లు వందకు పైగా. ఆరోగ్యశ్రీ 2007 నుండి చికిత్స ఖర్చు భరించినను బస్సు చార్జీ, పోయిన కూలి, ఇంటి దగ్గర విడిచిన రెండవ బిడ్డ లెక్కలోనికి రావు. జిల్లా ఆసుపత్రిలో ఉపశమన సేవ దొరకునా, ఇంటికి వచ్చు బండి ఉన్నదా అని కాపరి ముందే విచారించి ఉంచుట గొప్ప సహాయము.

మార్ఫిన్ అనగానే మన జనులు భయపడుదురు. వైద్యుడు బిడ్డ బరువును, నొప్పిని బట్టి కొలిచి ఇచ్చినప్పుడు అది బిడ్డను వ్యసనపరుని చేయదు, ఆయుష్షు తగ్గించదు. మలబద్ధకము మాత్రము సాధారణముగా కలుగును గనుక దానికి మందు కూడ ఇస్తారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టము 2014లో సవరింపబడి ఈ మందు ఆసుపత్రులకు చేరుట కొంత సులభమైనది. ఇంత కష్టపడి ఇల్లు చేరిన మాత్రను "విశ్వాసముంటే ఆపండి" అని ఒక్క మాటతో మాన్పించు బోధకులున్నారు. ఆ రాత్రి బిడ్డ అరుపులు వినునది తల్లియే, బోధకుడు కాదు. బిడ్డ పోయిన తరువాత ఆమె విశ్వాసమే తక్కువైనదను నింద కూడ ఆమెమీదనే పడును. స్వస్థతకొరకు ప్రార్థించుటకును మాత్ర వేయుటకును విరోధము లేదు. ఈ మాటను సంఘములో ముందుగానే, ఎవరి బిడ్డయు జబ్బుగా లేనప్పుడు, బోధింపవలెను.

మన సంఘములలో శిక్షణ

ఈ పని కొరకు విదేశీ సర్టిఫికెట్టు తేనక్కరలేదు. కేరళలోని ఇరుగుపొరుగు ఉపశమన సేవలో గ్రామస్థులైన స్వచ్ఛంద సేవకులకు 16 గంటల పాఠములు, నాలుగు దినములు రోగుల ఇండ్లకు వెళ్ళు అనుభవము ఇచ్చు పద్ధతి ఏర్పడినది. మనకైతే బైబిలు స్త్రీల వారసత్వమున్నది. మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ 1912లో బిషప్ అజరయ్య పీఠమైనది. అట్టి మిషను ప్రాంతములలో బైబిలు స్త్రీలు ఇంటింటికి నడచి, పురుషులైన బోధకులు ప్రవేశింపలేని గదులలో కూర్చుండిరి. ఆ పనికే ఇప్పుడు క్రొత్త పాఠములు చేర్చవలెను.

చేర్చవలసినవానిలో కొన్ని కఠినమైనవి. బిడ్డ ఉన్న గదిలో సేవకుడు ఒంటరిగా ఉండరాదు; తల్లిదండ్రుల అనుమతి, మరియొక పెద్ద మనిషి ఉండవలెను. ఈ విషయములో తలుపు వేసిన ఎలీషా మనకు మాదిరి కాడు. ఫోటో తీయరాదు, సాక్ష్యముగా చెప్పరాదు. హిందువుల ఇంటికి గాని ముస్లిముల ఇంటికి గాని పిలువబడినచో, వారు కోరని ప్రార్థన చేయరాదు. బలహీనముగా ఉన్న కుటుంబమునకు మతము బోధించు అవకాశముగా ఆ మంచమును వాడుకొనువాడు ఈ శిక్షణకు తగడు.

చివరి దినముల గుర్తులు కూడ నేర్పవలెను. బిడ్డ తినుట మానును. బలవంతముగా నోటిలో పోయక, తడి దూదితో పెదవులు తుడువవలెను. చేతులు కాళ్ళు చల్లబడును. శ్వాస ఆగి ఆగి వచ్చును, గొంతులో గురగుర శబ్దము వినబడును. ఆ శబ్దము చూచువారిని భయపెట్టునంతగా బిడ్డను సాధారణముగా బాధింపదు. ఇది ముందుగా తెలిసిన తండ్రి అర్ధరాత్రి ఆటో కొరకు పరుగెత్తక బిడ్డను ఒడిలో పెట్టుకొనును. వినికిడి చాలసేపు నిలుచునని నర్సులు చెప్పుదురు గనుక పేరు పెట్టి పిలుచుచుండవచ్చును.

భూస్థాపన తరువాత జనము వెళ్ళిపోవుదురు. కాపరి పది దినములకు ఒకసారి, నెలకు ఒకసారి, బిడ్డ పుట్టినదినమున ఒకసారి వెళ్ళి ఆ పేరు పలుకవలెను. తల్లి ఆ పేరును ఇతరుల నోట వినుటకు ఆశపడును. సమాధుల పండుగనాడు మనము పెద్దల సమాధులకు సున్నము వేసి, క్రొవ్వొత్తులు వెలిగించెదము. పిల్లలను పూడ్చిన చోట అనేకమార్లు రాయి కూడ ఉండదు. రెండు వర్షాకాలములకు మట్టి చదునగును. ఆ చోటు ఎక్కడో సంఘ రిజిస్టరులో వ్రాసి ఉంచవలెను, మనము బదిలీ అయినప్పుడు తరువాత వచ్చు కాపరికి చూపవలెను.