మూడు వారాల చదువుకు స్కాలర్‌షిప్ ఎందుకు లేదు?

చలికాలం ముగిసే వేళకు విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో కొన్ని పోస్టర్లు తిరగడం మొదలవుతుంది. లండన్, బార్సిలోనా, కోపెన్‌హేగన్‌లలో సమ్మర్ కోర్సులు. ఫైనాన్స్, ఎకనామిక్స్, బిజినెస్ అనలిటిక్స్. కొన్ని ఒక్క వారమే, కొన్ని మూడు వారాలు, కొన్ని ఆరు. చాలావాటి మీద 'మాస్టర్స్ స్థాయి' అని రాసి ఉంటుంది. ఎంఏ, ఎంకాం, ఎంబీఏ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ వాటిని మాకు పంపి అడిగేది ఒక్కటే: అప్పు చేసైనా వెళ్లొచ్చా?

అప్పు చేసి వెళ్లొద్దు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాం. అలాగని ఈ కోర్సులు పనికిరానివని మేము అనడం లేదు. వీటి అవసరం ఎవరికి ఎక్కువగా ఉందో వాళ్లకే అందకుండా ఇవి నడుస్తున్నాయి. అది ఎలా జరుగుతోందో చూద్దాం.

ముందు ఆ 'మాస్టర్స్ స్థాయి' సంగతి. యూరప్‌లో చదువును ఈసీటీఎస్ అనే క్రెడిట్లలో కొలుస్తారు. ఒక పూర్తి విద్యా సంవత్సరానికి 60 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ. అంటే 7.5 క్రెడిట్ల సమ్మర్ కోర్సుకు దాదాపు 190 నుంచి 225 గంటలు కేటాయించాలి. క్లాసులో కూర్చునేది అందులో కొద్ది భాగమే. మిగతాదంతా చదవడం, లెక్కలు చేయడం, గ్రూపు ప్రాజెక్టు, పరీక్ష. సెమిస్టర్ మొత్తంలో చేసే పనిని కొన్ని వారాల్లో కుదించి చేయిస్తారన్నమాట. కోపెన్‌హేగన్ బిజినెస్ స్కూల్ తన వేసవి కోర్సుల్లో డిగ్రీ స్థాయివి, మాస్టర్స్ స్థాయివి వేరువేరుగా చూపిస్తుంది. బార్సిలోనా స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వేసవి కోర్సులు ఎక్కువగా మాస్టర్స్, పీహెచ్‌డీ విద్యార్థుల కోసం, సెంట్రల్ బ్యాంకుల్లో పనిచేసేవాళ్ల కోసం పెట్టినవి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ (ఎల్ఎస్ఈ) సమ్మర్ స్కూల్ పేరు పెద్దదే కానీ అక్కడి కోర్సుల్లో అత్యధికం డిగ్రీ స్థాయివి. ఎంఏ చేసినవాళ్లు ఆ పేరు చూసి డబ్బు కట్టే ముందు సిలబస్ తెరిచి చూడాలి.

అసలు చిక్కు సిలబస్‌లో ఉంటుంది. ఎకనామెట్రిక్స్ కోర్సులో మొదటి రోజే మాట్రిక్స్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ వచ్చినట్టే భావించి పాఠం మొదలుపెడతారు. ఫైనాన్స్‌లో ఆప్షన్ల ధరలు లెక్కగట్టాలంటే కాలిక్యులస్ రావాలి. బిజినెస్ అనలిటిక్స్ అంటే రిగ్రెషన్, క్లాసిఫికేషన్, పైథాన్ లేదా ఆర్ అనే సాఫ్ట్‌వేర్. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఎంఏ ఎకనామిక్స్‌లో డిమాండ్, సప్లయ్ సిద్ధాంతాలను మాటల్లో రాసి పాసవ్వొచ్చు. ఇంటర్‌లో సీఈసీ, డిగ్రీలో బీఏ, అదీ తెలుగు మీడియంలో చదివి సంక్షేమ హాస్టల్ నుంచి వచ్చిన విద్యార్థికి గణితం పదో తరగతితోనే ఆగిపోయి ఉంటుంది. తెలివి తక్కువై కాదు, ఆ తర్వాత ఎవరూ చెప్పలేదు కాబట్టి. విదేశీ పీహెచ్‌డీ అడ్మిషన్ కమిటీలు మాత్రం ట్రాన్‌స్క్రిప్ట్‌లో ముందు వెతికేది ఆ గణితం గ్రేడ్లనే. సమ్మర్ కోర్సులు పూడ్చగలిగిన ఖాళీ ఇదే.

మరి ఖర్చు? ఎల్ఎస్ఈలో మూడు వారాల ఒక్క సెషన్ ఫీజే రెండున్నర వేల పౌండ్లు దాటుతుంది. పౌండు వంద రూపాయల పైమాటే కాబట్టి ఫీజొక్కటే రెండున్నర లక్షలకు మించుతుంది. విమానం టికెట్, గది, తిండి, వీసా వేరు. వీసాకు బ్యాంకు స్టేట్‌మెంట్ చూపాలి. తల్లిదండ్రులు కూలికి వెళ్లే ఇంట్లో ఆ కాగితం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ పోస్టర్ మీద కనిపించని విషయం ఒకటుంది. ఇదే క్లాసులో ట్యూషన్ ఫీజు కట్టకుండా కూర్చునేవాళ్లూ ఉంటారు. రెండు విద్యాసంస్థల మధ్య ఎక్స్‌ఛేంజ్ ఒప్పందం ఉంటే, విద్యార్థి తన సొంత సంస్థకు కట్టే ఫీజుతోనే అక్కడ చదవొచ్చు. వచ్చిన క్రెడిట్లు ఇక్కడి డిగ్రీలో కలుస్తాయి. మన దేశంలో ఇలాంటి ఒప్పందాలు ఐఐఎంలకు, పెద్ద ప్రైవేటు బిజినెస్ స్కూళ్లకు విరివిగా ఉన్నాయి. జిల్లాల్లోని రాష్ట్ర యూనివర్సిటీలకు ఇవి అరుదు. కాబట్టి లక్షల ఫీజులు కట్టగలిగినవాళ్లకు వేసవి కోర్సు చవగ్గా దొరుకుతుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లకు పూర్తి ధర పడుతుంది. దీన్ని మెరిట్ అంటున్నారు!

ప్రభుత్వ పథకాలు ఈ తేడాను తగ్గించాలి కదా. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాస్టర్స్, పీహెచ్‌డీ డిగ్రీలకే. ఏడాదికి 125 సీట్లు, అందులో 115 ఎస్సీలకు. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షలు దాటకూడదు. దానికీ గ్యారంటీ లేదు: 2025-26లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే తాత్కాలిక మంజూరు పత్రాలిచ్చి, మిగతా 66 మందికి నిధులు ఉంటేనే అన్నారు. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల వరకు ఇస్తారు, అదీ డిగ్రీ కోర్సులకే. డిగ్రీ దాకా చేర్చే మెట్టుకు రూపాయి లేదు. గోడ మీదకి ఎక్కినవాళ్లకు చేయి అందిస్తారు, నిచ్చెన మాత్రం ఇవ్వరు.

బాబాసాహెబ్ చదువును గుర్తు చేసుకుంటే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. 1913లో బరోడా స్కాలర్‌షిప్‌తో కొలంబియా చేరారు. 1916లో ఎల్ఎస్ఈలో అడుగుపెట్టారు. స్కాలర్‌షిప్ గడువు తీరడంతో 1917లో చదువు మధ్యలో వదిలి తిరిగి రావాల్సి వచ్చింది. సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బు, షాహూ మహరాజ్ సాయం, ఒక పార్సీ మిత్రుడిచ్చిన అప్పుతో 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. రూపాయి సమస్య మీద ఆయన డీఎస్సీ సిద్ధాంతం 1923లో పూర్తయింది. అది పూర్తిగా ఫైనాన్స్ పుస్తకం. ఆయన్ను రాజ్యాంగానికే పరిమితం చేసి చూసేవాళ్లు ఈ సంగతి మరిచిపోతుంటారు.

ఈ సబ్జెక్టులు ఉద్యోగానికే అని కూడా అనుకోవద్దు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ సబ్ ప్లాన్ చట్టం వచ్చింది. ఆ పద్దుల కింద కేటాయించిన సొమ్ములో ఎంత ఖర్చయింది, ఎంత వేరే పథకాలకు మళ్లింది అని తేల్చాలంటే వందల పేజీల బడ్జెట్ పత్రాల్లోంచి హెడ్ ఆఫ్ అకౌంట్ నంబర్లు పట్టుకుని లెక్క తీయాలి. ధర్నా చౌక్‌లో నినాదం ఇవ్వగలిగినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ పట్టికలు చదవగలిగినవాళ్లు తక్కువ.

డబ్బు లేకుండా ఎక్కడ మొదలుపెట్టొచ్చు? ఎంఐటీలో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లోల బృందం నడిపే మైక్రోమాస్టర్స్ కోర్సుల వీడియోలు ఉచితంగా చూడొచ్చు. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు ఆదాయాన్ని బట్టి ఉంటుంది. అది పూర్తిచేసినవాళ్లు ఎంఐటీలోనే ఒక మాస్టర్స్ డిగ్రీకి అప్లై చేయొచ్చు. నోబెల్ గ్రహీత థామస్ సార్జెంట్, జాన్ స్టాచర్‌స్కీ కలిసి పెట్టిన క్వాంట్‌ఎకాన్ పాఠాలు పైథాన్‌తో సహా పూర్తిగా ఉచితం. ఎన్‌పీటీఈఎల్‌లో లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ పాఠాలున్నాయి. పరీక్ష ఫీజులో ఎస్సీ, ఎస్టీలకు రాయితీ ఉంటుంది. పీహెచ్‌డీలో ఉన్నవాళ్లు ఐసీఎస్ఎస్ఆర్ నిధులతో జరిగే పదిరోజుల రీసెర్చ్ మెథడాలజీ కోర్సుల ప్రకటనలు చూస్తూ ఉండాలి. అయితే ఒంటరిగా వీడియోలు చూస్తే మూడో వారంలో ఆగిపోతాం. హాస్టల్‌లో నలుగురైదుగురు కలిసి, వారానికి ఒకరు బోర్డు మీద లెక్క చేసి చూపించేలా పెట్టుకుంటే నడుస్తుంది.

విద్యార్థి సంఘాలు అడగాల్సినవి రెండున్నాయి. విదేశీ విద్య పథకాల్లో స్వల్పకాల కోర్సులకు కొన్ని సీట్లు కేటాయించమని సంక్షేమ శాఖలను అడగాలి. ఒక్క ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు ఇచ్చే 20 లక్షలతో నలుగురిని మూడు వారాలు పంపొచ్చు. వైస్ ఛాన్సలర్లను అడగాల్సింది, ఎక్స్‌ఛేంజ్ ఒప్పందాలు ఎన్ని ఉన్నాయి, వాటిపై ఎవరెవరు వెళ్లారు అని. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, ఫీజు పది రూపాయలు.

ఇక ఈ ఏడాదే అప్లై చేయాలనుకునేవాళ్లు ఫీజు మాఫీ ఉందా అని ఆ యూనివర్సిటీకి ముందే ఈమెయిల్ రాయండి. చాలాచోట్ల మాఫీ దరఖాస్తు గడువు అడ్మిషన్ గడువు కంటే ముందే ముగుస్తుంది. తాజా ఆదాయ ధ్రువపత్రం మీసేవలో ఇప్పుడే తీసి పెట్టుకోండి. పాస్‌పోర్టు లేకపోతే దానికి ఈ వారమే అప్లై చేయండి.