అధిక వేగ రైళ్లు, స్థానిక రైళ్లు కలిసే స్టేషన్: షిన్-యొకొహామా

ఈ భాగం చదివిన తరవాత మీరు అధిక వేగ రైలు స్టేషన్ నగర కేంద్రానికి దూరంగా ఎందుకు ఏర్పడుతుందో, స్థానిక రైళ్లతో అనుసంధానం ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.

స్థల ఎంపిక

జపాన్‌లో టోక్యో, ఒసాకాల మధ్య టొకైదో షింకన్‌సెన్ 1964 అక్టోబరు 1న ప్రారంభమైంది. దారిలో యొకొహామా అనే పెద్ద రేవు పట్టణం ఉన్నా, కొత్త రైలు అక్కడి పాత స్టేషన్‌కు వెళ్లలేదు. గంటకు 210 కిలోమీటర్ల వేగానికి మలుపులు విశాలంగా ఉండాలి. ఈ మార్గంలో మలుపు వ్యాసార్ధం సాధారణంగా 2,500 మీటర్లకు తగ్గదు. కిక్కిరిసిన నగరంలో అలాంటి దారి వేయడం కష్టం. అందువల్ల నగరానికి ఉత్తరాన, పొలాల మీదుగా మార్గం వేశారు. 1908 నాటి యొకొహామా లైన్‌ను అది దాటేచోట షిన్-యొకొహామా స్టేషన్ నిర్మించారు. 'షిన్' అంటే కొత్త.

షింకన్‌సెన్ పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు; యొకొహామా లైన్‌లో 1,067. ఒక మార్గపు రైలు రెండోదానిపై నడవదు కాబట్టి ప్రయాణికుడే రైలు మారాలి.

అనుసంధానం పెరిగిన తీరు

మొదట్లో ఇక్కడ అన్ని స్టేషన్లలో ఆగే 'కొదమా' రైళ్లే ఆగేవి. 1985లో నగర భూగర్భ రైలు వచ్చింది. 2008 మార్చి నుంచి అతివేగ 'నొజొమి' రైళ్లన్నీ ఆగుతున్నాయి. 2023 మార్చి 18న సొతెత్సు, టొక్యూ సంస్థల స్థానిక రైళ్లు కూడా చేరాయి. ఒకప్పటి పొలాల చోట ఇప్పుడు కార్యాలయాలు, హోటళ్లు ఉన్నాయి.

వేగం, ప్రయాణకాలం

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. 300 కిలోమీటర్ల దూరానికి మామూలు రైలులో 3 గంటలు, అధిక వేగ రైలులో గంటన్నర పడుతుందనుకోండి. ఆదా 90 నిమిషాలు. దూరపు స్టేషన్‌కు చేరడానికి, రైలు మారడానికి అదనంగా 60 నిమిషాలు పడితే మిగిలేది 30 నిమిషాలే. కోట్లు వెచ్చించి సంపాదించిన వేగం స్టేషన్ బయటే ఖర్చయిపోతుంది.

మన దేశంలో నిర్మాణంలో ఉన్న ముంబై–అహ్మదాబాద్ మార్గానిదీ 1,435 మిల్లీమీటర్ల గేజే. మన బ్రాడ్‌గేజ్ 1,676. కనుక ఇక్కడా రైలు మారక తప్పదు. సబర్మతి స్టేషన్‌ను మామూలు రైళ్లతో, మెట్రోతో కలపడంలోని ఉద్దేశం ఇదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. షిన్-యొకొహామాలో ప్రయాణికులు రైలు ఎందుకు మారాలి?
2. మీ ఊరి నుంచి హైదరాబాదు లేదా విజయవాడ ప్రయాణంలో రైలులో గడిపే సమయాన్ని, స్టేషన్‌కు చేరడానికీ ఎదురుచూడడానికీ పట్టే సమయాన్ని విడివిడిగా రాసి పోల్చండి.