అన్నవాహిక క్యాన్సర్: ఆపరేషన్ తర్వాత ఆయుష్షు దేనిపై ఆధారపడుతుంది?

"ఆపరేషన్ చేయిస్తే ఎన్నాళ్ళు బ్రతుకుతారమ్మా?" డాక్టరుగారిని అడగలేక బంధువులు వార్డులో మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. అందరికీ సరిపోయే ఒకే జవాబు లేదు. కాని ఆయుష్షును పెంచేవేవో, తగ్గించేవేవో చాలావరకు తెలుసు. వాటిలో కొన్ని మన చేతిలో లేవు. కొన్ని మాత్రం రోగి చేతిలో, ఇంటివారి చేతిలో ఉన్నాయి.

ఎప్పుడు వచ్చారు?

అన్నవాహిక గొంతు నుండి కడుపు దాకా సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండే గొట్టం. అది సాగే గుణం గలది గనుక, గడ్డ దారిని చాలావరకు మూసివేసేదాకా ఇబ్బంది తెలియదు. మొదట గట్టి ముద్ద దిగదు. తర్వాత మెత్తని అన్నం దిగదు. చివరకు మంచినీళ్ళు కూడా దిగవు. చాలామంది గ్యాస్ అనుకుని మాత్రలు వేసుకుంటూ ఈ చివరి మెట్టు దాకా వస్తారు.

గడ్డ లోపలి పొరలోనే ఉండగా తీసివేస్తే ఎక్కువమంది ఐదేళ్ళు దాటి బ్రతుకుతారు. లింఫు గ్రంథులకు పాకితే ఆశ తగ్గుతుంది. ఎన్ని ఎక్కువ గ్రంథులకు పాకితే అంత తగ్గుతుంది. అందుకే గడ్డతోపాటు చుట్టూ ఉన్న గ్రంథులను కూడా తీసి పరీక్షకు పంపుతారు. తీసిన ముక్క అంచులలో క్యాన్సర్ లేదని రిపోర్టు రావడం మంచి గుర్తు.

"కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది" అని భయపడి కొందరు ఇంటికి తిరిగి వెళ్ళిపోతారు. కత్తి వల్ల పాకదు. ఆలస్యం వల్ల పాకుతుంది.

ముందు కీమో, కరెంటు ఎందుకు?

నెదర్లాండ్స్‌లో 366 మంది రోగులపై జరిగిన పరిశోధన 2012లో వెలువడింది. నేరుగా ఆపరేషన్ చేయించుకున్నవారిలో సగంమంది 24 నెలలు దాటి బ్రతికారు. ముందుగా ఐదు వారాలు కీమో, రేడియేషన్ తీసుకుని ఆపరేషన్ చేయించుకున్నవారిలో సగంమంది 49 నెలలు దాటి బ్రతికారు. మన దేశంలో ఎక్కువగా కనిపించే స్క్వామస్ రకంలో ఈ మేలు ఇంకా ఎక్కువ. కనుక డాక్టరుగారు ముందు కరెంటు పెట్టాలంటే కాలయాపన అనుకోవద్దు.

అలా వైద్యం పొందినా తీసిన ముక్కలో క్యాన్సర్ మిగిలి ఉంటే, తర్వాత ఇచ్చే ఇమ్యునోథెరపీ మందు జబ్బు తిరగబెట్టే సమయాన్ని వెనక్కు నెడుతుందని 2021లో తేలింది. అది ఖరీదైన మందు. మీకు అవసరమో కాదో డాక్టరుగారిని అడగండి.

ఎక్కడ చేయించుకోవాలి?

ఇది పెద్ద ఆపరేషన్. అన్నవాహికను తీసివేసి, కడుపును గొట్టంలా మలచి పైకి లాగి అతుకుతారు. ఈ ఆపరేషన్ అరుదుగా చేసే ఆసుపత్రులలో మరణాలు, తరచుగా చేసేచోట కంటే రెండింతలకు పైగా ఉన్నాయని 2002లో అమెరికాలో జరిగిన పరిశోధన చెప్పింది. "ఇక్కడ ఏడాదికి ఎన్ని చేస్తారు?" అని అడగడం అమర్యాద కాదు. దూరమైనా అనుభవమున్న చోటికే వెళ్ళండి.

మన చేతిలో ఉన్నవి

● బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా, సారా అన్నీ మానాలి. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు పొగ మానితే న్యుమోనియా ప్రమాదం తగ్గుతుంది.

● బరువు తగ్గిపోయినవారికి కుట్లు త్వరగా మానవు. మింగగలిగినంతకాలం రాగిజావ, పాలు, గుడ్డు, పప్పుకట్టు ఇవ్వండి. మింగలేకపోతే గొట్టం ద్వారా ఆహారం ఇస్తాము. గొట్టం వేశారంటే ఆశ వదులుకున్నట్టు కాదు, బలం చేకూర్చుతున్నట్టు.

● మూడు బంతుల ఊపిరి పరికరాన్ని ఆపరేషన్‌కు ముందునుండే సాధన చేయించండి. ఉదయం, రాత్రి పళ్ళు తోమించండి. నోటిలోని క్రిములే ఊపిరితిత్తులలోకి దిగుతాయి.

● ఆపరేషన్ తర్వాత నొప్పి ఉన్నా లేచి కూర్చోవాలి, నడవాలి. జాలిపడి పడుకోబెట్టవద్దు.

ఇంటికి వెళ్ళాక

మూడు పూటల భోజనం బదులు రోజుకు ఆరేడుసార్లు కొద్దికొద్దిగా తినాలి. తిన్న వెంటనే పడుకోకూడదు. రాత్రి తల వైపు ఎత్తుగా పెట్టుకోవాలి. తీపి ఎక్కువగా తింటే చెమటలు, గుండెదడ, విరేచనాలు రావచ్చు. వారానికొకసారి బరువు చూసి కాగితం మీద రాయండి.

జ్వరం, ఛాతీనొప్పి, ఆయాసం వస్తే అదేరోజు ఆసుపత్రికి తీసుకురండి. అతుకు దగ్గర కారడం కావచ్చు.

కొన్నాళ్ళకు మళ్ళీ ముద్ద దిగకపోతే క్యాన్సర్ తిరిగి వచ్చిందని కుంగిపోవద్దు. అతుకు దగ్గర దారి సన్నబడినా అలాగే ఉంటుంది. దానిని ఎండోస్కోపీ ద్వారా వెడల్పు చేయవచ్చు. జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే. గనుక బాగున్నారనిపించినా ఆ రెండేళ్ళూ చెప్పిన తేదీకి తప్పక చూపించుకోండి.