చుట్టాలొస్తారని చెప్పే పిట్ట

కడప, కర్నూలు పల్లెల్లో పొద్దున్నే కాకి గోడమీద చేరి అరిచిందంటే అవ్వ ఎసట్లో ఇంకో పిడికెడు బియ్యం వేయమంటుంది. "కాకి అరుస్తాంది, సుట్టాలెవురో వస్తారు." చైనాలో ఈ కబురు తెచ్చేది మాగ్‌పై. నలుపు తెలుపుల ఒళ్లు, పొడవాటి తోక. ఇంటి దగ్గర అది అరిస్తే శుభవార్తయినా రావాలి, అతిథైనా రావాలి. కాకి అరిస్తే మాత్రం అక్కడ అపశకునం. నిజానికి రెండూ ఒకే కుటుంబం పిట్టలు, దాయాదులు. మన దేశంలో మాగ్‌పైని చూడాలంటే లద్దాఖ్ వైపు పోవాలి.

ఎత్తున కూర్చున్న కాకికి ఊళ్లోకొచ్చే కొత్త మనిషి మనకంటే ముందే కనిపిస్తాడు. కొత్తదేది కనబడినా గోల చేయడం దాని తత్వం. అంతవరకూ అవ్వ మాటలో పస ఉంది. మిగతాది మన జ్ఞాపకం చేసే మాయ: ఊరికే అరిచిన రోజులన్నీ మరిచిపోయి, చుట్టం దిగిన రోజునే గుర్తుంచుకుంటాం. కాకి జ్ఞాపకం మాత్రం గట్టిది. సియాటిల్‌లో పక్షుల పరిశోధకుడు జాన్ మార్జ్‌లఫ్ బృందం ఒక మాస్కు వేసుకుని కాకుల్ని పట్టి వదిలితే, ఏళ్లు గడిచినా ఆ ముఖం కనబడగానే అక్కడి కాకులు తిట్టిపోశాయి. 2008లో జర్మన్ పరిశోధకులు మాగ్‌పైల గొంతు కింద రంగు చుక్క అంటించి అద్దం చూపారు. అద్దంలోది తామేనని గుర్తుపట్టినట్టు, కొన్ని ఆ చుక్కను తమ ఒంటిమీద నుంచే గీకి తీయబోయాయి.

చైనా కథలో ఏడో నెల ఏడో రాత్రి మాగ్‌పైలు పాలపుంతమీద వంతెన కడతాయి. విడిపోయిన నేతగత్తె, పశువుల కాపరి దానిమీద కలుసుకుంటారు. ఆ ఇద్దరూ వేగా, ఆల్టెయిర్ నక్షత్రాలు; మన పంచాంగం లెక్కలో అభిజిత్తు, శ్రవణం. ఆ రోజుల్లో మాగ్‌పైల తలమీద ఈకలు పల్చబడేది వాళ్లు తొక్కి నడవడం వల్లేనట! పిల్లల్ని పెంచడం అయ్యాక పక్షులు ఈకలు మార్చుకునే కాలమది. రాముడి అస్త్రానికి ఒక కన్ను పోగొట్టుకున్న మన కాకాసురుడి కథా ఇలాంటిదే. కళ్లు తలకు పక్కల ఉండడంతో కాకి దేన్నైనా పరీక్షగా చూడాలంటే తల వంచి ఒక్కో కన్నుతో చూస్తుంది. రెండుచోట్లా జనం చూసింది నిజమే, చెప్పిన కారణమే కథ.

ఇక బనగానపల్లె దగ్గరి యాగంటి గుడి. అగస్త్యుడి శాపం వల్ల అక్కడ కాకి వాలదంటారు. శనికి వాహనమైన కాకే రాదు గనుక శని కూడా రాడట. ఊరకాకి మనుషుల ఎంగిలిమీద బతికే పిట్ట, కొండల సందులో దానికేం పని అనేయొచ్చు. కానీ కొబ్బరి ముక్కలు, ప్రసాదం మెతుకులు రాలే గుడి దగ్గర ఈ జవాబు నాకు చాలదనిపిస్తుంది. యాగంటిలోనూ బనగానపల్లెలోనూ ఏడాదిపాటు, ఒకే వేళకు కాకుల్ని లెక్కపెట్టి పోల్చి చూడాలి. ఆ చుట్టుపక్కల కాలేజీల జంతుశాస్త్రం పిల్లలకు బస్సు చార్జీ తప్ప ఖర్చులేని ప్రాజెక్టు ఇది.