చెప్పాపెట్టకుండా రాలిపోయే వరుసలు

2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా ఇంగ్లండ్‌లో కోవిడ్ సోకినట్టు తేలినవారిలో 15,841 మంది రోజువారీ లెక్కలోకే రాలేదు. ల్యాబులు ఫలితాలను మామూలు సీఎస్‌వీ ఫైళ్లలోనే పంపాయి. వాటిని పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించారు. అందులో షీటుకు 65,536 వరుసలకు మించి పట్టవు. మిగిలినవి చప్పుడు లేకుండా రాలిపోయాయి. రోగులకు ఫలితం అందింది గానీ, వాళ్లను కలిసినవారిని వెతికే పని వెనకబడింది.

సీఎస్‌వీ పెద్ద విద్యేమీ కాదు: వివరానికీ వివరానికీ మధ్య ఒక కామా, అంతే. చిక్కంతా ఆ కామాతోనే. ఈ వరుస చూడండి:

1042,4-12, మెయిన్ రోడ్, తణుకు,534211

నంబరు, చిరునామా, పిన్‌కోడ్ అని మూడు గడులే ఉండాలి. కంప్యూటర్‌కు ఐదు కనిపిస్తాయి. చిరునామాను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఉంటే ఈ పేచీ ఉండేది కాదు. అయినా ఇది నయం, తప్పు వెంటనే బయటపడుతుంది. ఆధార్ నంబరు సంగతి అలా కాదు. ఎక్సెల్‌లో ఆ 12 అంకెలు ‘ఈ+11’ తోకతో కురచైపోతాయి. అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే అసలు అంకెలు పోయినట్టే. ఆ ఫైలును డేటాబేస్‌లోకి ఎక్కించేటప్పుడు అక్కడ ఉన్నది టెక్స్ట్ గడి అయితే, ఆ కురచ నంబరును కిమ్మనకుండా మింగేస్తుంది.

తప్పు వరుస ఎదురైతే ఒక్కో డేటాబేస్‌ది ఒక్కో తీరు. పోస్ట్‌గ్రెస్‌లోని ‘కాపీ’ మొండిది. లక్ష వరుసల్లో ఒక్క తేదీ చెడినా, ఒక కాయ పుచ్చిందని బండెడు సరుకు తిప్పి పంపినట్టు, మొత్తం వెనక్కి కొడుతుంది. అలాంటి వరుసను దాటేసే వెసులుబాటు 2024లో, 17వ వెర్షన్‌తో గానీ రాలేదు. మైఎస్‌క్యూఎల్ మరీ మెతక. స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే, అంకె ఉండాల్సిన చోట అక్షరాలున్నా సున్నా వేసి, ఒక హెచ్చరికతో సరిపెడుతుంది. ఆ హెచ్చరిక చదివేదెవరు? ఈ విషయంలో ఒరాకిల్ లోడర్ పద్ధతే మెరుగు: చెడ్డ వరుసలను ‘బ్యాడ్ ఫైల్’లో విడిగా పెడుతుంది, కారణం లాగ్‌లో రాస్తుంది, మనం వేరే పరిమితి చెప్పకపోతే తప్పులు 50 దాటగానే ఆగిపోతుంది.

అనుభవమున్నవాళ్లు ఫైలును నేరుగా అసలు టేబుల్‌లోకి పోయరు. ముందు అన్ని గడులూ టెక్స్ట్‌గానే ఉన్న తాత్కాలిక టేబుల్‌లోకి దించి, తేదీలూ అంకెలూ అక్కడే సరిచూసి, నెగ్గినవాటిని ఒకే ట్రాన్సాక్షన్‌లో పైకి పంపుతారు. మధ్యలో కరెంటు పోయినా సగం ఎక్కిన డేటా మిగలదు. చివర్లో వచ్చిన వరుసలెన్ని, ఎక్కినవెన్ని, నిలిచిపోయినవెన్ని అని లెక్క కడతారు. ఇక్కడా ఒక మెలిక ఉంది. చిరునామా గడిలో ఎవరో ఎంటర్ నొక్కి ఉంటే ఒకే వరుస ఫైల్లో రెండు లైన్లవుతుంది. అందుకే లైన్లు కాదు, రికార్డులు లెక్కపెట్టాలి.