స్టాల్ ముందు ఆగిన మనిషి

ఎగ్జిబిషన్లలో కొండపల్లి బొమ్మల స్టాల్ దగ్గర కాసేపు నిలబడితే అమ్మకం ఎలా జరుగుతుందో, ఎలా చేజారుతుందో తెలిసిపోతుంది. ధర అడిగినవాళ్లకు ధర మాత్రమే చెప్పి ఊరుకుంటే, చాలామంది "అమ్మో, అంతా!" అనుకుంటూ పక్క స్టాల్‌కి వెళ్లిపోతారు. అదే ఎడ్లబండి బొమ్మను తీసి వాళ్ల చేతిలో పెడితే కథ మారుతుంది. "ఇంత తేలిగ్గా ఉందేమిటి?" అని వాళ్లే అడుగుతారు. పొణికి కర్ర అంత తేలికని, ఎడ్లను, బండిని, మనిషిని విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారని చెప్పడానికి అప్పుడు సందు దొరుకుతుంది. అంత ధర ఎందుకో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

ఆన్‌లైన్ అంగడిలో లేనిదీ, ప్రదర్శనలో ఉన్నదీ ఇదే. పోచంపల్లి ఇక్కత్‌కి దారాన్ని ముందే కట్టి, రంగులద్ది, ఆ తర్వాతే నేస్తారు. అందుకే డిజైన్ రెండు వైపులా కనిపిస్తుంది. అచ్చు వేసిన నకిలీ చీరకు సాధారణంగా వెనకవైపు రంగు వెలిసినట్టుంటుంది. చీరను ఒక్కసారి తిప్పి చూపిస్తే చాలు. ఆ ఒక్క పని చేయడానికి స్టాల్లో మనిషి ఉండాలి, ఆ మనిషికి ఓపిక ఉండాలి.

అయితే వచ్చేవాళ్లందరూ ఒకే పని మీద రారు. హైదరాబాద్ నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారింది. సాధారణంగా ఏటా జనవరి 1న తెరుచుకునే ఆ సందడికి పిల్లాపాపలతో సరదాగా వచ్చి, నచ్చితే కొనేవాళ్లే ఎక్కువ. అదే నగరంలోని హైటెక్స్‌లో జరిగే పౌల్ట్రీ ఇండియా లాంటి వాణిజ్య ప్రదర్శనల తీరు వేరు. అక్కడికి యంత్రాలు, దాణా, మందుల గురించి తెలుసుకోవడానికే వస్తారు. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో నవంబరులో జరిగే అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శనలో ఈ రెండూ కలుస్తాయి. మొదటి రోజులు వ్యాపారులకు, ఆ తర్వాత అందరికీ.

అంటే ఒకే చేనేత స్టాల్‌కి మొదట టోకు వ్యాపారి వస్తాడు. నెలకు ఎన్ని చీరలు ఇవ్వగలరు, ఎన్నాళ్లలో పంపుతారు అని అడుగుతాడు. తర్వాత వచ్చిన గృహిణి రంగు పోతుందా, ఇంట్లో ఉతకొచ్చా అని అడుగుతుంది. ఇద్దరికీ ఒకే పాఠం అప్పజెబితే ఇద్దరూ చేజారతారు. "మీకు దేనికి కావాలండీ?" అన్న ప్రశ్న ముందు రావాలి. చెప్పడం ఆ తర్వాత.

పొరపాట్లన్నీ చిన్నవే. నష్టం మాత్రం పెద్దది. అడ్డంగా బల్ల వేసి దాని వెనక కుర్చీలో కూర్చోవడం, సెల్‌ఫోన్‌లోంచి తలెత్తకపోవడం, స్టాల్లోనే టిఫిన్ పొట్లం విప్పడం, దారిన పోయేవాళ్ల చేతుల్లో కరపత్రాలు కుక్కడం. బల్లను పక్కకు జరిపితే లోపలికి రావడానికి దారి ఏర్పడుతుంది. ఇద్దరు వంతులవారీగా నిలబడితే ఒకరు తినిరావచ్చు. పెద్దవాళ్లకు ఒక స్టూలు, ఎండన పడి వచ్చినవాళ్లకు గ్లాసు మంచినీళ్లు ఇస్తే, ఏమీ కొనకపోయినా ఆ స్టాల్‌ను గుర్తుంచుకుంటారు.

అన్నిటికంటే బాధ కలిగించేది వేషం చూసి మనిషిని అంచనా వేయడం. వ్యవసాయ, కోళ్ల పరిశ్రమల ప్రదర్శనల్లో ఇది మరీ ప్రమాదం. పంచె కట్టి, భుజాన తుండు వేసుకుని వచ్చిన రైతు వేల కోళ్ల ఫారం యజమాని కావచ్చు. ఆయన్ని పలకరించకుండా సూటు వేసుకున్నవారి వెంటపడితే, ఆయన మరో కంపెనీ స్టాల్లో బేరం కుదుర్చుకుంటాడు. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే కంపెనీలు తెలుగు తెలిసినవారిని ఒక్కరినైనా స్టాల్లో ఉంచాలి. యంత్రం ఎంత కరెంటు తాగుతుంది, పాడైతే బాగుచేసేవాళ్లు దగ్గర్లో ఉన్నారా అన్నవి రైతుకు తన భాషలోనే విడమరిచి చెప్పాలి. ఏమీ కొనని విద్యార్థికీ అదే మర్యాద దక్కాలి. రేపు కొనేది, పదిమందికి చెప్పేది అతడే కావచ్చు.

చాలామంది చేతులు దులుపుకునేది చివరి రోజున. పోగైన విజిటింగ్ కార్డులను రబ్బరు బ్యాండు వేసి సంచిలో పడేస్తారు. నెల తర్వాత తీస్తే ఎవరు ఏమడిగారో గుర్తుండదు. మనిషి అటు వెళ్లగానే కార్డు వెనక రెండు ముక్కలు రాసుకోవాలి: ఏం కావాలన్నారు, ఎప్పుడు ఫోన్ చేయమన్నారు. తెలియని ప్రశ్న ఎదురైతే ఏదో ఒకటి చెప్పి పంపకుండా, "కనుక్కుని చెబుతానండీ" అని నంబరు తీసుకోవాలి. చెప్పిన రోజునే ఫోన్ చేయాలి.

ఈసారి స్టాల్ తీసుకునేవారు ఫ్లెక్సీలకు, లైట్లకు పెట్టే ఖర్చులో కొంత మిగిల్చి, నిలబడే మనుషులకు ఒక పూట శిక్షణ ఇప్పించండి. సరుకు గురించి వచ్చే పది ప్రశ్నలు రాసి, జవాబులు వాళ్లతోనే చెప్పించండి. తలుపులు తెరవకముందే ఈ పని పూర్తి చేయండి.